పారదర్శక గాజు-సెరామిక్‌లు: అరేఖీయ దృక్ ధర్మాలు

రామచంద్రపురంలో ఏ ఫ్యాన్సీ దుకాణంలోనైనా ఆకుపచ్చ లేజర్ పాయింటర్ అడిగి చూడండి. ఇలాంటి పాయింటర్లలో చాలావాటి లోపల మొదట పుట్టేది ఆకుపచ్చ కాంతి కాదు, 1064 నానోమీటర్ల పరారుణ కాంతి. ఒక చిన్న కెటిపి స్ఫటికం దాని తరంగదైర్ఘ్యాన్ని సగం చేసి 532కి తెస్తుంది. (చౌక పాయింటర్లలో పరారుణం కొంత బయటికి రావచ్చు. అది కంటికి కనబడదు కాబట్టి మరీ ప్రమాదం. ఎవరి కంటి మీదికీ దాన్ని తిప్పకండి.)

ఈ మార్పును ద్వితీయ అనుస్వర జననం అంటారు. 1961లో ఫ్రాంకెన్ బృందం రూబీ లేజర్ కాంతిని క్వార్ట్‌జ్ గుండా పంపి దీన్ని మొదట చూపింది. మామూలు కాంతిలో పదార్థపు ధ్రువణం విద్యుత్ క్షేత్రానికి అనులోమానుపాతంలో ఉంటుంది. లేజర్ వంటి తీవ్ర కాంతిలో క్షేత్రపు వర్గానికి సంబంధించిన పదం కూడా లెక్కలోకి వస్తుంది. కంపించే రాశిని వర్గం చేస్తే రెట్టింపు పౌనఃపున్యం వస్తుందని త్రికోణమితిలో మీరు చదివారు. ఇక్కడ జరిగేదీ అదే.

మరి కిటికీ గాజు ఈ పని ఎందుకు చేయదు? గాజులో అణువుల అమరిక క్రమరహితం. సగటున ఏ దిశకూ ప్రత్యేకత లేదు. క్షేత్రాన్ని తిరగేస్తే ధ్రువణం కూడా తిరగబడాలి. కానీ వర్గపు పదం గుర్తు మారదు. ఈ రెండూ పొసగాలంటే ఆ పదం గుణకం సున్నా కావాల్సిందే. సౌష్ఠవ కేంద్రం లేని స్ఫటికాలకు మాత్రం ఈ అడ్డంకి లేదు. అయితే మంచి ఏకస్ఫటికాన్ని పెంచడం నెమ్మదైన, ఖరీదైన పని. గాజునైతే కరిగించి కావలసిన ఆకారంలో పోత పోయవచ్చు.

అందుకే గాజులోనే స్ఫటికాలను పెంచుతారు. కరిగిన ద్రవాన్ని త్వరగా చల్లార్చి గాజు చేసి, మళ్లీ అదుపుగా వేడిచేస్తే లోపల స్ఫటికాలు మొలుస్తాయి. అప్పుడది గాజు-సెరామిక్. చిక్కు పారదర్శకతతో వస్తుంది. శీతాకాలపు ఉదయం డెల్టా వరిచేలపై కమ్మే పొగమంచును తలచుకోండి. నీటి చుక్క పారదర్శకమే, అయినా అసంఖ్యాకమైన చుక్కలు కాంతిని పరిక్షేపించి ఎదుటి గట్టును కనిపించనివ్వవు. గాజులో పెద్ద స్ఫటికాలూ అంతే. వాటి పరిమాణం తరంగదైర్ఘ్యం కంటే చాలా తక్కువైతే పరిస్థితి మారుతుంది. స్ఫటికాల మొత్తం ఘనపరిమాణం మారకుండా వ్యాసం 40 నుంచి 20 నానోమీటర్లకు తగ్గితే, పరిక్షేపణం సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో కె.బి.ఆర్. వర్మ బృందం లిథియం బోరేట్ గాజులో బిస్మత్ టంగ్‌స్టేట్ స్ఫటికాలను ఇలాగే పెంచి, వాటి అరేఖీయ ధర్మాలను పరిశీలించింది. అసలు నేర్పంతా వేడిచేయడంలోనే ఉందని నా అభిప్రాయం. వేడి తక్కువైతే స్ఫటికాలు చాలినన్ని ఏర్పడవు. ఎక్కువైతే అవి ఎదిగి పలక పాలలా తెల్లబడుతుంది. సరిగ్గా కుదిరినా ఒక లోటు మిగులుతుంది: స్ఫటికాలు తలో దిక్కుకు తిరిగి ఉంటాయి కాబట్టి, వాటి నుంచి వెలువడే అనుస్వర తరంగాలు ఏకస్ఫటికంలోలాగా ఒకదానికొకటి తోడై బలపడవు.