ఐదు నెలల పంట – పన్నెండు నెలల కూర

మన ఊళ్ళల్లో కూరకి కటకట ఎప్పుడొస్తుంది? ఎండాకాలంలో వస్తుంది. బావిలో నీళ్ళు అడుగంటుతాయి. పెరట్లో తోటకూర మడి ఎండిపోతుంది. అంగడిలో ధర పెరుగుతుంది.

మన అమ్మమ్మలకి ఈ సంగతి తెలుసు. అందుకే కూరలు దండిగా ఉన్నప్పుడే వంకాయలు, గోరుచిక్కుళ్ళు తరిగి ఎండబెట్టేవాళ్ళు. వరుగులు చేసి కుండల్లో దాచేవాళ్ళు. లేని రోజులకి అవే కూర.

మన దేశంలోనే ఇంకో చోటు ఉంది. అక్కడ కటకట చలికాలంలో వస్తుంది. అది ఒకటి రెండు నెలలతో పోదు. ఏడు నెలలు ఉంటుంది. పంట పండేది మిగిలిన ఐదు నెలలే. ఆ ఐదు నెలల పంటతో ఏడాదంతా ఇల్లు గడవాలి.

ఆ చోటు పేరు లడాఖ్. అక్కడి ఆడవాళ్ళు పెరటి తోట ఎలా పెంచుతారో తెలుసుకుందాం.

ఎక్కడుంది లడాఖ్?

భారతదేశం పటం చూడండి. అన్నిటికంటే పైన, ఉత్తరం కొసన ఉంటుంది లడాఖ్. చుట్టూ హిమాలయాలు, ఇంకా పెద్ద పెద్ద కొండలు. 2019 నుంచి అది కేంద్రపాలిత ప్రాంతం. అక్కడి ముఖ్య పట్టణం లేహ్.

లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. మన తిరుమల కొండ కంటే మూడు రెట్లకు మించిన ఎత్తు. అంత ఎత్తు కాబట్టే అంత చలి. చలికాలం రాత్రుళ్ళు నీళ్ళు గడ్డకట్టే చలి కంటే ఇంకా 20 డిగ్రీలు కిందికి పోతుంది. నేల రాయిలా బిగుసుకుపోతుంది. పలుగు కూడా దిగదు.

వాన కూడా తక్కువే. ఏడాది మొత్తంలో సుమారు 100 మిల్లీమీటర్లు. మన కోస్తాలో తుఫాను వస్తే ఒక్క రోజులోనే అంత వాన పడుతుంది. మరి పంటకి నీళ్ళెక్కడివి? కొండల మీది మంచు కరిగి వాగులవుతుంది. ఆ వాగు నీళ్ళే పంటకి ఆధారం.

మంచు ఎక్కువ పడితే కొండ దారులు మూసుకుపోతాయి. లారీలు రావు. అప్పుడు కూరగాయలు విమానంలో రావాలి. వాటి ధర పేదవాళ్ళకి అందదు. అందుకే అక్కడ పెరటి తోట సరదాకి వేసేది కాదు. పిల్లల కంచంలో కూర ఉండాలంటే తోట ఉండాలి.

మంచు మీద మన్ను

మార్చి, ఏప్రిల్ నెలలు. మనకి ఉగాది వచ్చే రోజులు. మనం మామిడికాయ కోసుకుంటూ ఉంటాం. లడాఖ్ ఊళ్ళల్లో ఇంకా నేల మీద మంచు ఉంటుంది.

మంచు దానంతట అది కరిగేదాకా ఆగితే విత్తడం ఆలస్యమవుతుంది. కొన్ని లోయల్లో దీనికి ఒక ఉపాయం చేస్తారు. ముందే మన్ను తవ్వి దాచుకుంటారు. ఎండ మొదలవగానే ఆ మన్ను తెచ్చి పొలంలో మంచు మీద చల్లుతారు.

మన్ను చల్లితే ఏమవుతుంది? మీకు తెలిసిన సంగతే. ఎండలో తెల్ల చీర కట్టుకుంటే వేడి తక్కువ. నల్ల చీర కట్టుకుంటే ఒళ్ళు కాలిపోతుంది. తెలుపు ఎండని తిప్పికొడుతుంది. నలుపు ఎండని పీల్చుకుంటుంది. మంచు తెల్లగా ఉంటే ఎండ దాన్ని తొందరగా కరిగించలేదు. మీద మన్ను పడితే ఎండ వేడి అందులో దిగుతుంది. మంచు తొందరగా కరుగుతుంది. విత్తే రోజు ముందుకు వస్తుంది.

ఎరువు కూడా ఇంటిదే. పశువుల పేడ ఉంటుంది కానీ చాలదు. చలికి పొయ్యిలోకి పిడకలు కావాలి కదా! అందుకని మరుగుదొడ్డి కూడా ఎరువు గుంటే. పైన గది, కింద గది. పైన వాడాక మన్ను, బూడిద చల్లుతారు. నీళ్ళు పొయ్యరు. కింద అది కొన్ని నెలలు మాగి మట్టిలా అవుతుంది. వాసన ఉండదు. దాన్ని పొలానికి తోలుతారు.

నీళ్ళ వంతు

మే నెల వచ్చింది. నేల మెత్తబడింది. ఇప్పుడు విత్తాలి. పొలంలో బార్లీ, గోధుమ వేస్తారు. ఇంటి దగ్గర మళ్ళల్లో చలికి ఓర్చే విత్తనాలు ముందు పడతాయి. బఠాణీ, ముల్లంగి, టర్నిప్ దుంప, పాలకూర అలాంటివి. బంగాళాదుంప, క్యారెట్, క్యాబేజి కూడా వేస్తారు.

టమాటా, దోస చలికి ఓర్వవు. వాటిని వెచ్చటి చోట నారు పోస్తారు. జూన్‌లో గాని బయట నాటరు.

అందరికీ ఒకేసారి నీళ్ళు కావాలి. వాగులో ఉన్నవి కాసిని నీళ్ళు. మరి కొట్లాటలు రావా? రాకుండా ఊరు ఒక మనిషిని పెట్టుకుంటుంది. ఆయన్ని చుర్‌పోన్ అంటారు. మన దగ్గర చెరువు నీళ్ళు వదిలే నీరటికాడు ఉన్నట్టే. ఇవ్వాళ ఎవరి మడికి, రేపు ఎవరి మడికి అని ఆయన వంతులు వేస్తాడు. అందరూ ఆ మాట వినాలి.

పచ్చటి మూడు నెలలు

జూన్, జూలై, ఆగస్టు. అక్కడ ఆకాశంలో మబ్బు తక్కువ. ఎండ బాగా కాస్తుంది. జూన్‌లో పగలు 14 గంటలు దాటుతుంది. వెలుతురు ఎక్కువ దొరికితే మొక్క ఎక్కువ ఆహారం తయారు చేసుకుంటుంది. అందుకే కాలం తక్కువైనా మొక్కలు గబగబా ఎదుగుతాయి. పెద్ద పెద్ద క్యాబేజీలు కాస్తాయి.

ఈ మూడు నెలలు ఆడవాళ్ళకి తీరిక ఉండదు. కలుపు తీయాలి. వంతు వచ్చినప్పుడు నీళ్ళు కట్టాలి. ఆకుకూర కోయాలి. ఇంటికి మిగిలింది అమ్మాలి. లేహ్ బజారులో రోడ్డు వారన ఆడవాళ్ళు వరసగా కూర్చుని కూరలు అమ్ముతారు. తోటలో తెల్లవారుజామున కోసినవి గంపల్లో ఉంటాయి. ఆ డబ్బు పిల్లల ఫీజుకి, ఇంటి ఖర్చుకి పనికొస్తుంది. సైన్యం కూడా అక్కడి రైతుల దగ్గర కూరగాయలు కొంటుంది. సరిహద్దు కాసే ఆ జవాన్లలో మన తెలుగు ఊళ్ళ పిల్లలూ ఉంటారు.

కాస్త కిందికి ఉన్న ఊళ్ళల్లో ఆప్రికాట్ అనే పండు కాస్తుంది. చిన్న నిమ్మకాయంత ఉంటుంది. పసుపు పచ్చగా, తియ్యగా ఉంటుంది. జూలై, ఆగస్టులో పండుతుంది. కొన్ని తింటారు. ఎక్కువ భాగం మిద్దె మీద ఆరబోసి ఎండబెడతారు. లోపలి గింజ కూడా పారెయ్యరు. దాని పప్పు నుంచి నూనె తీస్తారు.

పాతర వేసే కాలం

సెప్టెంబరు చివర్లో ఒక రాత్రి చలి తిరిగి వస్తుంది. ఆ ఒక్క రాత్రి చాలు. బయట ఉన్న టమాటా, చిక్కుడు ఆకులు తెల్లారేసరికి నల్లబడి వేలాడిపోతాయి. కాబట్టి ఆ రాత్రికి ముందే అవి ఇల్లు చేరాలి. ఇక్కడ ఒక్క రోజు బద్ధకించినా కుదరదు.

ఆకుకూరలు తరిగి మిద్దె మీద ఎండబెడతారు. టర్నిప్ ఆకు, పాలకూర ఇలా ఎండుతాయి. ఇవి వాళ్ళ వరుగులు. చలికాలంలో తుక్పా అనే వేడి పులుసు కాచుకుంటారు. ఎండిన ఆకులు అందులో వేస్తారు.

దుంపలకి పాతర వేస్తారు. పాతర అంటే మీకు తెలుసు. మన పెద్దవాళ్ళు జొన్నలు పాతరలో దాచేవాళ్ళు. లడాఖ్‌లో బంగాళాదుంప, క్యారెట్, ముల్లంగి, టర్నిప్ పాతరలో దాస్తారు. లోతుగా గొయ్యి తవ్వుతారు. దుంపలు పేర్చి, గడ్డి కప్పి, పైన మన్ను కప్పుతారు. పైన నేల బిగుసుకుపోయినా, అంత లోతుకి ఆ చలి దిగదు. దుంప గడ్డకట్టదు. లోపల చల్లగా ఉంటుంది కాబట్టి కుళ్ళదు. కావలసినప్పుడల్లా కాసిని తీసుకుంటారు. మళ్ళీ మూసేస్తారు.

దెబ్బ తగిలిన దుంపని మాత్రం పాతరలో పెట్టరు. ఒక్కటి కుళ్ళితే పక్కవి కూడా కుళ్ళుతాయి. అలాంటివి ముందే వండుకుంటారు.

మట్టి గోడలు దాచే ఎండ

చలికాలంలో అక్కడ చలి ఎక్కువే కానీ ఎండ ఉంటుంది. ఏడాదిలో సుమారు 300 రోజులు ఎండ కాస్తుంది. ఈ ఎండని పట్టుకోవడం ఎలా?

దీనికి ఒక చిన్న ఇల్లు కడతారు. దాన్ని గ్రీన్‌హౌస్ అంటారు. మూడు వైపులా మందమైన మట్టి ఇటుక గోడలు. దక్షిణం వైపు మాత్రం గోడ ఉండదు. అటు వెలుతురు దూరే ప్లాస్టిక్ పట్టా కడతారు. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి తిరుగుతాడు కదా! ఎండ నేరుగా లోపలికి వస్తుంది. వెనక గోడకి లోపల నల్ల రంగు వేస్తారు. ఎందుకో మీరే చెప్పండి. నల్ల చీర సంగతి గుర్తుందా?

పగలంతా మట్టి గోడలు వేడిని పీల్చుకుంటాయి. రాత్రి నెమ్మదిగా వదులుతాయి. పట్టా మీద దుప్పటి లాంటిది కప్పి ఆ వేడి పోకుండా కాపాడతారు. కట్టెలు అక్కర్లేదు. కరెంటు అక్కర్లేదు. బయట మంచు, లోపల పాలకూర, కొత్తిమీర!

ఆకుకూరలో ఇనుము ఉంటుంది. విటమిన్లు ఉంటాయి. గర్భిణీ స్త్రీకి, పాలిచ్చే తల్లికి, పిల్లలకి అవి చాలా అవసరం. చలికాలంలో పచ్చి ఆకు దొరకడం ఆ ఇళ్ళకి ఎంత మేలో మీరే ఆలోచించండి.

చలి కావాలి అనే విత్తనం

క్యారెట్, క్యాబేజి మన ఊరి పెరట్లో కూడా చలికాలంలో పండుతాయి. కానీ వాటి విత్తనం మనకి సాధారణంగా కట్టదు. కొనుక్కోవాలి. ఎందుకని?

ఈ మొక్కలు మొదటి ఏడు దుంపనో ఆకునో పెంచుతాయి. తర్వాత చాలా వారాలు గట్టి చలి తగలాలి. అప్పుడే పూత వస్తుంది. అంత చలి మన దగ్గర లేదు. లడాఖ్ ఆడవాళ్ళు మంచి దుంపల్ని ఎంచి విత్తనానికి దాస్తారు. మే నెలలో మళ్ళీ నాటుతారు. అవి పూసి, గింజ కడతాయి. ఇలాంటి విత్తనాలు హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయ వంటి చల్లటి చోట్ల తయారవుతాయి. మనకి కష్టం అనిపించే చలి, విత్తనానికి అవసరం.

అదను మారుతోంది

ఇప్పుడు అక్కడ ఒక పెద్ద చింత ఉంది. భూమి వేడెక్కుతోంది. కొండల మీది మంచు తరిగిపోతోంది. కొన్ని ఊళ్ళల్లో విత్తే రోజులకి వాగులో నీళ్ళు చాలడం లేదు. ఎత్తున ఉన్న పాత మంచు జూన్‌లో గాని బాగా కరగదు. జూన్‌లో విత్తితే పంట పండే లోపు మళ్ళీ చలి వచ్చేస్తుంది. నీళ్ళు వస్తాయి గాని అదను దాటాక వస్తాయి.

లేహ్‌కి చెందిన ఛేవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజనీరు దీనికి ఒక దారి చూపారు. చలికాలంలో వాగు నీళ్ళు ఊరికే పారిపోతాయి. ఆ నీళ్ళని ఊరికి దగ్గరగా, నీడ పడే చోటికి మళ్ళించారు. చిన్న చిన్న రాతి కట్టలతో నెమ్మదిగా పారనిచ్చారు. నీళ్ళు అక్కడే పొరలు పొరలుగా గడ్డకట్టాయి. ఊరికి దగ్గర కాబట్టి ఏప్రిల్, మే నెలల్లోనే కరుగుతాయి. సరిగ్గా విత్తే వేళకి మడికి అందుతాయి. 1980ల నుంచి ఆయన ఈ పని చేశారు. 2015లో ప్రభుత్వం ఆయనకి పద్మశ్రీ ఇచ్చింది.

కొన్నిసార్లు వాన కూడా ప్రమాదమే. 2010 ఆగస్టులో లేహ్ దగ్గర ఒక్క రాత్రి కుంభవృష్టి కురిసింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఇళ్ళు, పొలాలు బురదలో కూరుకుపోయాయి.

మన పెరట్లో

మన పెరడు వేరు. మన కాలం వేరు. కానీ లెక్క ఒకటే. లేని రోజులు ఎప్పుడొస్తాయో ముందే తెలుసుకోవాలి. ఉన్న రోజుల్లోనే దానికి సిద్ధపడాలి.

తోటకూర విత్తనం అంతా ఒకేసారి చల్లకండి. రెండు వారాలకొక చిన్న మడి వేయండి. ఒకటి కోసేసరికి ఇంకొకటి అందివస్తుంది. స్నానం నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు ఎండాకాలంలో మడికి మళ్ళించండి. కూరలు చవకగా ఉన్నప్పుడు వరుగులు చేయండి. బలమైన మొక్క నుంచే విత్తనం తీయండి. బాగా ఎండబెట్టి, బూడిద కలిపి, మూత గట్టిగా పెట్టి దాచండి.

ఇప్పుడు మీకు రాయడం వచ్చు. ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఏ నెలలో ఏ విత్తనం వేశారో రాయండి. ఎప్పుడు కోశారో రాయండి. వచ్చే ఏడు ఆ పుస్తకం తీసి చూస్తే, ఏ విత్తు ఎప్పుడు వేయాలో మీ చేతిరాతే మీకు చెబుతుంది.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో కూరకి కటకట ఏ నెలల్లో వస్తుంది?
2. గ్రీన్‌హౌస్ వెనక గోడకి నల్ల రంగు ఎందుకు వేస్తారు?
3. మీ ఊళ్ళో నీళ్ళ వంతులు ఎవరు వేస్తారు? అందరికీ సమంగా అందుతున్నాయా?
4. మీ అమ్మమ్మ ఏయే కూరలు వరుగులు చేసేది? ఎలా చేసేదో అడిగి, రాసి పెట్టుకోండి.