శనగ పెరిగింది, కూలి దినాలు?

కర్నూలు, కడప నల్లరేగళ్లలో శనగ ఒకప్పుడు చెప్పుకోదగ్గ పంట కాదు. ఇక్కడ చలి కొద్దిరోజులే. సంక్రాంతి దాటితే ఎండ ముదురుతుంది. కాయ నిండకముందే చెట్టు వాడిపోయేది, లేదా ఎండు తెగులు తినేసేది. 1999లో జేజీ-11 రకం విడుదలైంది. పటాన్‌చెరు ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి చేసిన విత్తనమిది. నూరు రోజుల్లోపే కోతకొస్తుంది, తెగులును తట్టుకుంటుంది. 2000లో ఉమ్మడి రాష్ట్రమంతటా లక్ష టన్నులు కూడా పండని శనగ 2009 నాటికి ఎనిమిది లక్షలు దాటింది.

ఇదంతా విత్తనం గొప్పేనా? సగమే. బజ్జీల బండి నుంచి మిఠాయి దుకాణం దాకా దేశానికి శనగపిండి కావాలి. ఆ గిరాకీ లేకపోతే ఎక్కువ పండినకొద్దీ ధర పడిపోయి, పరిశోధన ఫలితమంతా కొన్నవాడికే దక్కేది. విత్తనం లేకుండా గిరాకీ ఒక్కటే ఉంటే ధర మండేది, పంట పెరిగేది కాదు.

పైగా గిరాకీ రైతు చేతిలో ఉండదు. 2018లో కేంద్రం శనగ దిగుమతి సుంకాన్ని 60 శాతానికి పెంచింది. 2024 మేలో దేశవాళీ శనగకు ఎత్తేసింది. అంతకుముందే, 2023 డిసెంబరులో, పసుపు బఠాణీకి తలుపులు తెరిచింది. బఠాణీ పిండి శనగపిండికి బదులు నడిచిపోతుంది కాబట్టి ఆ దెబ్బ కూడా శనగకే. ఇరవై ఏళ్ల పరిశోధన తెచ్చిన లాభాన్ని ఒక్క ఉత్తర్వు కోసేయగలదు.

ఇక పని సంగతి. మామూలు శనగ చెట్టు పొట్టిగా, పక్కలకు పరుచుకుని ఉంటుంది. కాయలు రాలకుండా మంచు పదునుండగానే, తెల్లారుజామున ఆడకూలీలు వంగి పీకుతారు. ఆకు మీది పులుపుకు చేతులు మండుతాయి. కూలీలు దొరకడం లేదని, కూలి రేట్లు పెరిగాయని రైతులు గోల పెట్టారు. నంద్యాల పరిశోధన స్థానం ఎన్‌బీఈజీ-47 అనే రకం ఇచ్చింది. ఇది నిటారుగా పెరుగుతుంది, కాయలు నేలకు ఎత్తున కాస్తాయి, మిషన్ కోతకు అందుతాయి.

రైతుకు ఖర్చు తగ్గింది, కూలికి పని తగ్గింది. కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, పోవడం ఈ మిషన్‌తో మొదలైంది కాదు, వానలు లేని ఊళ్ల పాత కథే. అయినా ఊళ్లో ఉన్న కాస్త పనీ పోతే బస్సెక్కక ఏం చేస్తారు?

తప్పు శాస్త్రవేత్తలది కాదు. అడిగినవాడికి జవాబిచ్చారు. కూలి వైపు నుంచి అడిగినవాళ్లే లేరు. మన దేశం పరిశోధనకు పెట్టేది జీడీపీలో 0.64 శాతం, దక్షిణ కొరియా పెట్టేది నాలుగు శాతం పైనే. పెంచాల్సిందే. కానీ ఆ డబ్బు విత్తనం దగ్గరే ఆగకూడదు. పప్పు మిల్లు, పిండి మర, పుట్నాల బట్టీ ఏడాది పొడవునా మనుషులను అడుగుతాయి. అవి ఆదోని పక్కనే నడిచేలా చిన్న యంత్రాలు, నిల్వ పద్ధతులు తయారు చేయడమూ పరిశోధనే. కొత్త రకం విడుదల కాగితంలో ఎకరానికి ఎన్ని క్వింటాళ్లో రాస్తారు. ఎన్ని కూలి దినాలో కూడా రాయమని అడగవచ్చు.