పసివాళ్ల విశ్వాసం, ఇంటి చనువు: అపోహలు – వాస్తవాలు

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో కాసేపు నిలబడితే చాలు, పిల్లల పెంపకం గురించి మన సంఘాల్లో ఎలాంటి నమ్మకాలు ఉన్నాయో తెలిసిపోతుంది. 'సండేస్కూల్‌కి పంపుతున్నాంగా' అంటారొకరు. 'వాడింకా చిన్నవాడు, వాడికేం తెలుసు' అంటారు ఇంకొకరు. 'రెండు తగిలిస్తే గానీ ప్రార్థనలో కూర్చోడు' అంటారు మరొకరు. వీళ్లెవరికీ పిల్లల మీద ప్రేమ లేక కాదు. తమ పెద్దలు తమను ఎలా పెంచారో అలాగే పెంచుతున్నారు. అయితే ఈ మాటల్లో కొన్ని సగం నిజాలు, కొన్ని బైబిల్లో ఎక్కడా లేనివి, ఇంకొన్ని అది చెప్పినదానికి పూర్తి విరుద్ధం. పిల్లలకు విశ్వాసం నేర్పడం ఒక పని, వాళ్లతో చనువుగా ఉండడం ఇంకో పని అనుకోవడం దగ్గరే చిక్కంతా మొదలవుతుంది. పసివయసులో ఆ రెండూ ఒకటే పని.

అపోహ 1: సండేస్కూల్ ఉందిగా, అన్నీ అక్కడే నేర్పిస్తారు.

వాస్తవం: సండేస్కూల్ పుట్టింది వేరే అవసరం కోసం. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాధిపతి దాన్ని మొదలుపెట్టినప్పుడు, అక్కడికి వచ్చినవాళ్లు వారంలో ఆరు రోజులు పనిచేసే పేదింటి పిల్లలు. వాళ్లకు తీరిక దొరికేది ఆదివారమొక్కటే. అందుకే ఆ రోజు కూర్చోబెట్టి చదవడం నేర్పారు, దాంతోపాటే దేవుని మాటలూ నేర్పారు. తల్లిదండ్రుల బాధ్యతను తన మీద వేసుకోవడం దాని ఉద్దేశం కాదు.

వారానికి 168 గంటలుంటే, సండేస్కూల్ టీచరు చేతిలో ఉండేది గంట, గంటన్నర. వేసవిలో వి.బి.ఎస్. (సెలవుల బైబిల్ బడి) పెట్టినా కొద్దిరోజులే. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం పిల్లలకు నేర్పాల్సిన వేళలు నాలుగు చెబుతుంది: ఇంట్లో ఉన్నప్పుడు, దారిన వెళ్లేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. నాలుగూ తల్లిదండ్రులు పక్కన ఉండే వేళలే. అన్నం తినిపించేటప్పుడు, బండి మీద స్కూల్లో దింపేటప్పుడు, దుప్పటి కప్పేటప్పుడు మనం మాట్లాడే నాలుగు ముక్కలకు ఉన్న బలం ఏ పాఠానికీ లేదు.

అపోహ 2: పసిపిల్లలకు ఏం అర్థమవుతుంది? పెద్దయ్యాక వాళ్లే తెలుసుకుంటారు.

వాస్తవం: యేసు శిష్యులు కూడా సరిగ్గా ఇలాగే అనుకున్నారు. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లను గద్దించారు. ఆయన ఆ శిష్యుల మీద కోపపడి, పిల్లల్ని దగ్గరకు తీసుకుని ఎత్తుకున్నాడని మార్కు 10వ అధ్యాయం చెబుతుంది. వాళ్లకు ఏం బోధించాడో అక్కడ రాయలేదు. ఎత్తుకున్నాడు, చేతులుంచి ఆశీర్వదించాడు, అంతే. మూడేళ్లవాడికి సిద్ధాంతాలు అర్థం కావు. అమ్మ గొంతులోని నెమ్మది, నాన్న చేతిలోని భద్రత మాత్రం బాగా అర్థమవుతాయి. దేవుడు నమ్మదగినవాడు అన్న మాట తర్వాత ఎప్పుడు విన్నా, దాని అర్థం వాడికి అక్కడి నుంచే దొరుకుతుంది.

అపోహ 3: కుటుంబ ప్రార్థన అంటే ముప్పావుగంటైనా ఉండాలి, పిల్లలు కదలకుండా కూర్చోవాలి.

వాస్తవం: 117వ కీర్తనలో ఉన్నవి రెండే వచనాలు. ప్రభువు నేర్పిన ప్రార్థన మొత్తం చెప్పడానికి అర నిమిషం చాలు. విస్తారంగా మాట్లాడితేనే దేవుడు వింటాడనుకోవద్దని, ఆ ప్రార్థన నేర్పడానికి ముందే యేసు హెచ్చరించాడు. పెద్దవాళ్లు విజ్ఞాపనలన్నీ ఏకరువు పెట్టే ప్రార్థనలకు వేరే సమయం పెట్టుకోవచ్చు. పిల్లలున్న ప్రార్థన పిల్లల కొలతలో ఉండాలి.

అలాంటి ప్రార్థన ఒకటి ఎలా ఉంటుందో చూడండి. రాత్రి ఎనిమిదిన్నర. చాప పరిచి నలుగురూ కూర్చున్నారు. పిల్లలకు నోటికొచ్చిన కీర్తన ఒక్క చరణం పాడారు. నాన్న మూడు వచనాలు చదివి, తుఫానులో పడవ ఎలా ఊగిందో చెయ్యి ఊపి చూపించాడు. 'ఇవాళ దేవుడికి దేనికోసం స్తోత్రం చెబుదాం?' అని అమ్మ అడిగింది. 'పప్పన్నంలోకి అప్పడం వేసినందుకు' అంది ఆరేళ్ల పాప. తమ్ముడు నాన్న ఒళ్లో కూర్చుని చొక్కా గుండీ తిప్పుతూ, 'పక్కింటి కుక్కపిల్లకి కాలు తగ్గాలి' అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ సరిదిద్దలేదు. ఆ కుక్కపిల్ల కోసమూ ప్రార్థించి అందరూ ఆమెన్ అన్నారు. పట్టుమని పది నిమిషాలు కూడా పట్టలేదు. తన మాటను దేవుడూ వింటాడు, అమ్మానాన్నలూ వింటారు అని ఆ పిల్లవాడికి ఒక్కసారే తెలిసింది.

అపోహ 4: కంఠత వాక్యాలు వచ్చేస్తే విశ్వాసం వచ్చేసినట్టే.

వాస్తవం: కంఠతా పట్టడం మంచిదే. చిన్నప్పుడు నేర్చుకున్నది కష్టకాలంలో నోటికి వస్తుంది. కానీ మనం ఎక్కువగా వాడే తెలుగు బైబిల్ గ్రాంథిక భాషలో ఉంది. బహుమతి కోసం 23వ కీర్తన గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పిన పిల్లను 'కాపరి ఏం చేస్తాడమ్మా?' అని అడిగి చూడండి. చాలాసార్లు జవాబు రాదు. ముందు ఆ కథను మన ఇంటి మాటల్లో చెప్పాలి. గొర్రెలు మేపుకునేవాళ్లు దారిలో కనబడితే ఆగి చూపించాలి. ఆ తర్వాత వాక్యం చదివితే అది పిల్ల మనసులో నిలుస్తుంది. వచ్చినవాళ్ల ముందు నిలబెట్టి చెప్పించడం తగ్గించి, పడుకునే ముందు మనమూ కలిసి చెప్పడం పెంచాలి.

అపోహ 5: భయపెడితేనే భక్తి వస్తుంది. బెత్తం వాడమని బైబిలే చెప్పింది.

వాస్తవం: అన్ని అపోహల్లోకీ ఎక్కువ హాని చేసేది ఇదే. ఏ మతం ఇంట్లోనైనా తెలుగువాళ్ల నోట వినిపించే మాట ఒకటుంది: 'తప్పు, కళ్ళు పోతాయి!' బైబిల్ మీద కాలు పడినా, ప్రార్థనలో కళ్ళు తెరిచినా క్రైస్తవ ఇళ్లలోనూ ఇదే బెదిరింపు. యోహాను సువార్త 9వ అధ్యాయం తీసి చూడండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఇతను ఇలా పుట్టడానికి ఎవరి పాపం కారణమని శిష్యులు అడిగారు. ఇతనిదీ కాదు, ఇతని తల్లిదండ్రులదీ కాదని యేసు తేల్చి చెప్పి, అతనికి చూపునిచ్చాడు. కళ్ళు లేనివాడికి కళ్ళు ఇచ్చిన ప్రభువు పేరు చెప్పి పిల్లలకు కళ్ళు పోతాయనడం ఎంత అన్యాయం!

ఇక బెత్తం సంగతి. సామెతల గ్రంథంలో దాని ప్రస్తావన ఉన్నమాట నిజమే. ఆ మాటను 'దండం దశగుణం భవేత్'తో కలిపేసి, పిల్లల్ని బాదడానికి అనుమతిపత్రంలా వాడుకుంటున్నాం. ఆ ప్రస్తావన ఉన్న వచనం సారం, బిడ్డను ప్రేమించేవాడు దిద్దుబాటును నిర్లక్ష్యం చేయడని. 23వ కీర్తనలో కాపరి చేతికర్ర గొర్రెకు ఆదరణ ఇస్తుందే తప్ప దడ పుట్టించదు. ఎఫెసీయులకు రాసిన పత్రిక 6:4 పిల్లలకు కోపం రేపవద్దని తండ్రులకు ఆజ్ఞాపిస్తుంది. వాళ్ల మనసు కుంగిపోతుందని కొలొస్సయులకు రాసిన పత్రిక 3:21 కారణం కూడా చెబుతుంది. బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. బడిలో తప్పయినది ప్రార్థన చాప మీద ఒప్పు ఎలా అవుతుంది?

క్రమశిక్షణ వద్దని ఎవరూ అనడం లేదు. చెప్పిన మాట మీద నిలబడడం, తప్పుకు తగిన పర్యవసానం ఉండేలా చూడడం, ఆ తర్వాత దగ్గరకు తీసుకుని క్షమించానని నోరు తెరిచి చెప్పడం, ఇదంతా క్రమశిక్షణే. క్షమాపణ అంటే ఏమిటో పిల్లలు ప్రసంగంలో కన్నా ముందు ఇంట్లోనే నేర్చుకోవాలి. తల్లిదండ్రులు తప్పు చేసినప్పుడు బిడ్డను క్షమించమని అడగడం కూడా ఇందులో భాగమే.

అపోహ 6: పిల్లల చేత ప్రార్థన చేయించడం తల్లి పని.

వాస్తవం: పైన చెప్పిన రెండు పత్రికల్లోనూ పౌలు పేరుపెట్టి మాట్లాడింది తండ్రులతో. 1529లో మార్టిన్ లూథర్ చిన్న ప్రశ్నోత్తరిని రాసినప్పుడు, ఇంటి యజమాని తన ఇంటివాళ్లకు దాన్ని ఎలా నేర్పాలో అందులోనే చెప్పాడు. అమెరికాలో వెర్న్ బెంగ్ట్‌సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లో మొదలుపెట్టి, 350కి పైగా కుటుంబాలను దశాబ్దాల పాటు పరిశీలించాడు. 2013లో పుస్తకంగా వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, విశ్వాసం తర్వాతి తరానికి అందడంలో తండ్రితో ఉండే చనువుకు చాలా ప్రాముఖ్యం ఉంది. తండ్రి ఎంత భక్తిపరుడైనా బిడ్డకు దూరంగా ఉంటే, ఆ దూరాన్ని ఆయన భక్తి పూడ్చలేకపోయింది.

అలాగని తండ్రి పక్కన లేని ఇల్లు ఓడిపోయినట్టు కాదు. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు. తిమోతిలోని విశ్వాసం మొదట అమ్మమ్మ లోయిలో, అమ్మ యునీకేలో కనిపించిందని పౌలు రాశాడు. కోనసీమ నుంచీ, కడప నుంచీ కువైట్ వెళ్లి పనిచేస్తున్న తల్లులు ఎందరో. వాళ్ల పిల్లల్ని పెంచుతున్న అమ్మమ్మలు, నాయనమ్మలు అందరూ లోయిలే. రాత్రి వీడియో కాల్‌లో ఆ తల్లి చేసే రెండు నిమిషాల ప్రార్థన కూడా కుటుంబ ప్రార్థనే.

అపోహ 7: మాకే బైబిల్ అంతగా రాదు, పిల్లలకేం చెబుతాం? పాస్టరు గారే చెప్పాలి.

వాస్తవం: తెలుగు పల్లెల్లో సువార్తను అందుకున్న మొదటి తరాలవాళ్లలో చాలామందికి అక్షరం ముక్క రాదు. వాళ్లు పాటలతో, కథలతో పిల్లలకు విశ్వాసాన్ని అందించారు. పురుషోత్తమ చౌధరి (1803–1890) లాంటివాళ్లు రాసిన కీర్తనలు పుస్తకం పట్టుకోలేని చేతులకు పుస్తకమయ్యాయి. మీకు వచ్చిన ఒక్క కీర్తన, మీ ఇంట్లో జరిగిన ఒక్క సంగతి చాలు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ అనే పరిశోధకులు పిల్లలను తమ కుటుంబ చరిత్ర మీద 20 ప్రశ్నలు అడిగారు. ఇంటి కథలు బాగా తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం ఎక్కువగా కనబడింది. ముత్తాత ఎలా నమ్ముకున్నాడు, అప్పుల్లో మునిగిన ఏడు అమ్మ దేవుణ్ణి ఏమని అడిగింది, ఇలాంటివి మీరు తప్ప ఏ పాస్టరు గారూ చెప్పలేరు.

అపోహ 8: ప్రశ్నలడిగే పిల్లలకు విశ్వాసం తక్కువ.

వాస్తవం: పస్కా ఆచారమే పిల్లల ప్రశ్న కోసం ఎదురుచూస్తుంది. ఇది ఎందుకు చేస్తున్నామని పిల్లలు అడిగితే ఏం చెప్పాలో నిర్గమకాండము 12వ అధ్యాయం నేర్పుతుంది. ఇశ్రాయేలీయులు యొర్దాను నది దాటాక దేవుడు పన్నెండు రాళ్లు నిలబెట్టించింది కూడా, పిల్లలు చూసి ఇవేమిటని అడగాలనే. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలడిగాడు. 'తాతయ్య కోసం అందరం ప్రార్థన చేశాంగా, మరి ఎందుకు చనిపోయాడు?' అని బిడ్డ అడిగితే 'అలా అనకూడదు' అని నోరు నొక్కకండి. 'నాకూ తెలియదు నాన్నా, నాకూ ఏడుపొస్తోంది. లాజరు చనిపోయినప్పుడు యేసు కూడా ఏడ్చాడు' అని ఒళ్లోకి తీసుకోండి. జవాబు తెలియదని ఒప్పుకునే తల్లిదండ్రుల దగ్గరకే పిల్లలు రేపటి పెద్ద ప్రశ్నలు తెస్తారు.

అపోహ 9: తీరిక లేదు. అందుకే ఫోన్‌లో బైబిల్ బొమ్మల కథలు పెట్టేస్తున్నాం.

వాస్తవం: రెండేళ్ల నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట దాటకూడదనీ, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఏడాది పిల్లలకైతే అసలే వద్దంది. తెర మీద ఉన్నది నోవహు ఓడ అయినా లెక్క మారదు. వీడియో చూపించినా పక్కన కూర్చుని చూడండి, ఆపి మాట్లాడండి.

తీరిక విషయానికొస్తే సుసన్నా వెస్లీని తలచుకోవాలి. పందొమ్మిది మందిని కన్నది, పెద్దయ్యేదాకా బతికినవాళ్లు పదిమంది. పేదరికం, ఇంటి చాకిరీ, పిల్లల చదువు అన్నీ ఆమె మీదే. అయినా వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో విడిగా కూర్చుని మాట్లాడేది. గురువారం కొడుకు జాన్‌ది. మెథడిస్టు ఉద్యమ నాయకుడైన ఆ జాన్ వెస్లీ, ముప్ఫైకి దగ్గరపడ్డ వయసులో 1732లో తల్లికి ఉత్తరం రాస్తూ, ఆ గురువారం సాయంత్రాల్లో కొంచెమైనా మళ్లీ తనకివ్వమని అడిగాడు.

అపోహ 10: సరిగ్గా పెంచితే పిల్లలు ఎప్పటికీ తప్పిపోరు. తప్పిపోయారంటే పెంపకం దోషమే.

వాస్తవం: నడవాల్సిన దారిని బాలుడికి నేర్పితే పెద్దయ్యాక కూడా దాన్నుంచి తొలగిపోడన్న సామెతలు 22:6ను చాలామంది పూచీపత్రంలా చదువుతారు. అది జీవితానుభవం నేర్పిన జ్ఞానవాక్యం, తల్లిదండ్రులను బోనులో నిలబెట్టే చట్టం కాదు. యాజకుడైన ఎలీ దగ్గర పెరిగిన సమూయేలు ప్రవక్త అయ్యాడు, ఎలీ సొంత కొడుకులు చెడిపోయారు. ఆ సమూయేలు కొడుకులూ న్యాయాధిపతులై లంచాలు తిన్నారు. లూకా 15వ అధ్యాయంలోని తండ్రి పెంపకాన్ని యేసు ఎక్కడా తప్పుపట్టలేదు. అయినా చిన్నకొడుకు వెళ్లిపోయాడు. కానీ ఆకలేసినప్పుడు వాడికి గుర్తొచ్చింది నాన్న ఇల్లే. సంఘంలో ఎవరి పిల్లలైనా దూరమైతే, ఆ తల్లిదండ్రులను వేలెత్తి చూపడం మానేసి వాళ్లతో కలిసి ప్రార్థించడం మన పని.

పిల్లల హృదయాన్ని మార్చేది దేవుడు. ఆయన గురించి చెప్పే మాట భయంతో కాకుండా ప్రేమతో వాళ్ల చెవిన పడేలా చూడడం మన వంతు. ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి. ఫోన్లు పక్కన పెట్టి పది నిమిషాలు కూర్చోండి. ఒక్క కీర్తన పాడండి, మూడు వచనాలు చదవండి, ప్రతి బిడ్డనూ ఒక్క మాట చెప్పనివ్వండి. వారంలో ఒక సాయంత్రం ఒక్కో బిడ్డకు విడిగా కేటాయించండి. 'కళ్ళు పోతాయి' అన్న మాటను ఇంట్లోంచి పంపించేయండి. అమ్మానాన్నల దగ్గర భయం లేకుండా మాట్లాడగలిగే బిడ్డ దేవుడితోనూ అలాగే మాట్లాడడం నేర్చుకుంటుంది.