కుండలో పెట్టాలా, పెట్టెలో పెట్టాలా?

వాల్వు రేడియోలోంచి ఊడదీసిన ఎనిమిదంగుళాల స్పీకరు ఒకటి నా చేతికొచ్చింది. చీటీ ఎప్పుడో రాలిపోయింది. కాగితపు కోనును వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కాను. గరగర లేదు, అంటే కాయిల్ ఎక్కడా రుద్దుకోవట్లేదు. మల్టీమీటరు 3.2 ఓమ్‌లు చూపింది. నాలుగు ఓమ్‌ల సరుకే. మీటరు ఎప్పుడూ అసలు లెక్కకంటే కాస్త తక్కువే చూపుతుంది. టార్చి సెల్లు ఒక్క క్షణం తాకిస్తే కోను టక్కున ముందుకు దూకింది. సెల్లు ప్లస్సు తగిలిన కొసే దీని ప్లస్సు.

వెనక చిన్న కుప్పెలాంటి అయస్కాంతం ఉంది, ఆల్నికో. గారెలా వెడల్పుగా, నల్లగా ఉంటే ఫెరైట్. ఇంకా పాతవాటిలో శాశ్వత అయస్కాంతమే ఉండదు. రేడియోయే కరెంటు పంపి ఫీల్డ్ కాయిల్‌ను అయస్కాంతం చేసేది. అదనంగా రెండు తీగలుండి, వాటిమధ్య మీటరు వందలో వేలో ఓమ్‌లు చూపితే అదే. అమెరికా సరుకైతే అంకెలు వెతకాలి. 220634 అంటే జెన్సన్ కంపెనీ, ఆరుతో ముగిసే ఏడాది, 34వ వారం. 1956దా, 1966దా అన్నది మిగతా ఆనవాళ్లు చూసి తేల్చుకోవాల్సిందే!

ఇవాళ్టి స్పీకరుకు రూపమిచ్చింది జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెల్లాగ్‌లు, 1925లో. కోను ముందుకు గాలిని నెడుతుంటే వెనక గాలి పలచబడుతుంది. అడ్డు లేకపోతే ముందు గాలి చుట్టూ తిరిగి వెనక్కి చేరి, మంద్రస్వరం అక్కడికక్కడే చెల్లిపోతుంది. పాత రేడియోల చెక్క ఆ అడ్డుపనే చేసేది, వీపు తెరిచే ఉండేది. 1954లో విల్చర్ అనే ఆయన పెట్టెను పూర్తిగా మూసి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకున్నాడు. తర్వాత థీల్, స్మాల్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఏ స్పీకరుకు ఎంత పెట్టె కావాలో లెక్కకట్టే దారి చూపారు.

మనవాళ్ల లెక్క వేరు: పాత స్పీకరు కనిపిస్తే మట్టికుండ మూతిమీద బోర్లించడమే. కుండను చిన్నచూపు చూడక్కర్లేదు. గుండ్రటి గోడ చెక్కలా అదరదు, ఎన్ని లీటర్లో చెంబుతో నీళ్లుపోసి కొలుచుకోవచ్చు. చిక్కల్లా లోపలి గాలితోనే. స్పీకరు సహజంగా సెకనుకు 60 సార్లు ఊగేదనుకోండి. దాని మెత్తదనం 40 లీటర్ల గాలికి సమానమైతే, పది లీటర్ల కుండలో ఆ ఊపు 134కి ఎగబాకుతుంది. అసలే చిన్న అయస్కాంతం, కోనుకు కళ్లెం వేయలేదు. దాంతో ఏ పాటైనా ఒకే శ్రుతిలో బుంగ్ బుంగ్ మంటుంది. ఇలాంటి కుండలు పెట్టిన సోడాకొట్లలో జనానికి నచ్చింది బహుశా ఆ బుంగే.

రంధ్రం పెట్టిన బాస్ రిఫ్లెక్స్ పెట్టె కూడా దీనికి పడదు. దానికి బలమైన అయస్కాంతం, గట్టి పట్టు కావాలి. చివరికి పాత రేడియోల చెక్కలా అడ్డుగా ఉండేందుకు మూడడుగుల ప్లైవుడ్ పలక తెచ్చి, నడిమధ్యన కాకుండా ఓ పక్కకు జరిపి గుండ్రంగా కోసి స్పీకరును బిగించాను. మధ్యలో కోస్తే నాలుగు అంచులూ సమాన దూరమై, చుట్టుతిరిగొచ్చే గాలి అంతా ఒకే స్వరాన్ని మింగేస్తుంది.