మదురకు పోతే ఇవీ చూడండి

పెద్దాసుపత్రికి పోవాలన్నా, పెండ్లి చీర తీయాలన్నా కోవిల్‌పట్టి, విరుదునగరం వాళ్ళం మదురకే పోతాము. పని ముగించుకొని, మీనాక్షమ్మకు ఒక దండం పెట్టి, సాయంత్రం రైలుకు తిరిగి వచ్చేస్తాము. నేనూ నలభై ఏండ్లు అట్లనే పోయి వస్తిని. పోయిన తై మాసంలో మనవరాలిని తోడుకొని పోతే, రైలులో అది నా చెవి దగ్గరికి వచ్చి, "తాతా, గట్టిగా తెలుగు మాట్లాడొద్దు, అందరూ చూస్తారు" అనె. ముల్లు మాదిరి గుచ్చుకొనె ఆ మాట. సరే, ఈ దినం అంగళ్ళు తర్వాత, ముందు దీనికి ఊరు చూపించాల అనుకొంటిని.

మదుర పాండ్యుల రాజధాని, తమిళుల సొత్తు. అందులో మారుమాట లేదు. 1311లో మాలిక్ కాఫర్ దండు కొల్లగొట్టింది. తర్వాత కొన్నాళ్ళు సుల్తానులు ఏలిరి, విజయనగరం నుంచి కుమార కంపన వచ్చి వాళ్ళను గెలిచె. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు వచ్చి కూర్చున్నాక, రెండు వందల ఏండ్లు ఈ రాజ్యం ఏలినవాళ్ళ ఇంటి మాట తెలుగే. రాజు తెలుగాయన, మంత్రి అరియనాథ మొదలియార్ తమిళాయన. ఇద్దరూ కలిసి దేశాన్ని 72 పాళెయాలుగా పంచిరి. మన పక్కనుండే ఎట్టయాపురం, పాంచాలంకురిచ్చి ఆ పాళెయాలే. మన ముత్తాతలు శానామంది ఈ నల్లరేగడిలో పత్తి వేసుకొని నిలిచింది ఆ రాజుల కాలంలోనే.

స్టేషను బయటికి వస్తే ఎదురుగా మేల వెళి వీధి. రోజూ వేలమంది దాటుతారు, అక్కడ కోటగోడ ఉండేదని ఎవరికి తెలుసు? 1840 ప్రాంతంలో బ్లాక్‌బర్న్ అనే కలెక్టరు గోడ పడగొట్టించి అగడ్త పూడిపించె. ఆ పని చూసినవాళ్ళ పేర్లే మారెట్ వీధికీ, పెరుమాళ్ మేస్త్రి వీధికీ ఉండేది. రాజుల పేరు కాకుండా ఒక మేస్త్రి పేరు వీధికి నిలవడం నాకు బాగుంది. ఇంకా లోపలికి పోతే మాసి వీధులు, ఆవణి మూల వీధులు, చిత్తిరై వీధులు, ఆడి వీధులు గుడి చుట్టూ ఉల్లిపాయ పొరల మాదిరి ఉంటాయి.

తిరుమల నాయకుడి మహలు 1636లో కట్టింది. ఒక స్తంభాన్ని వాటేసుకోవాలని చూస్తే మా ఇద్దరి చేతులూ చాల్లేదు. ఇప్పుడు మిగిలింది నాలుగో వంతే అంటారు. తిరుచ్చికి రాజధాని మార్చినప్పుడు చొక్కనాథ నాయకుడు దీన్ని చాలావరకు పీకించినాడు. తాత కట్టింది మనవడు పీకినాడని చెప్తే మా పిల్ల ఒకటే నవ్వు. మిగిలినదాన్ని నేపియర్ దొర బాగు చేయించె. శానా ఏండ్లు అందులో జిల్లా కోర్టు నడిచింది.

నన్నడిగితే మహలు కంటే మంగమ్మ వేయించిన దారులు గొప్పవి. 1689 నుంచి 1706 దాకా పసిబిడ్డ మనవడి తరఫున రాజ్యం ఏలింది ఆమె. దారులు వేయించె, సత్రాలు కట్టించె. స్టేషను ఎదురుగా ఉండే సత్రం ఆమె పేరుదే. ఆ మనవడు విజయరంగ చొక్కనాథుడు పెద్దయి, తానే తెలుగు వచనంలో శ్రీరంగ మాహాత్మ్యం రాసినాడు.

ఆమె మహలే ఇప్పుడు గాంధీ మ్యూజియం. 1921 సెప్టెంబరు 22న గాంధీ చొక్కా, టోపీ వదిలి కొల్లాయి కట్టింది ఈ మదురలోనే, మేల మాసి వీధిలో. కాల్చినప్పుడు ఆయన ఒంటి మీదుండిన బట్ట, నెత్తురు మరకతో, అద్దాల పెట్టెలో ఉంది. దాని ముందర అందరూ గుసగుసగా మాట్లాడుతుంటే మా పిల్ల వంగి చూసి, గట్టిగా, తెలుగులోనే, "తాతా, ఈ నూలు ఎన్నో కౌంటు?" అని అడిగె. ఇద్దరు ముగ్గురు తిరిగి చూసిరి. అది లక్ష్యపెట్టలేదు.

"చేతి నూలమ్మా, ఒకచోట సన్నం, ఒకచోట లావు" అని నేనూ గట్టిగానే చెప్తిని.