కారు నీళ్లు తాగేస్తోందా?

ఇంట్లో పాత కారు ఉందా? పోసిన నీళ్లు పోసినట్టే తగ్గిపోతున్నాయా? "పాత బండి కదా, తాగుతుందిలే" అని మీవారు తేలిగ్గా తీసేస్తున్నారా? లేక మెకానిక్ బానెట్ ఎత్తీ ఎత్తగానే "హెడ్డు విప్పాలమ్మా" అని పెద్ద ఖర్చు చెప్పాడా? రెండు మాటలకీ అప్పుడే తలూపకండి. ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు తిరిగి తిరిగి మళ్లీ రేడియేటర్‌కే రావాలి. తగ్గాయంటే ఏదో దారిన బయటికి పోతున్నాయన్నమాట. ఆ దారి ఏదో చాలామటుకు మన వాకిట్లోనే కనిపెట్టవచ్చు.

ముందు ఒక జాగ్రత్త. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూత లాంటిదే. లోపల ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. ఆవిరి పోకముందే కుక్కర్ మూత తీస్తే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? ఇదీ అంతే. అందుకని ఏ పరీక్షయినా పొద్దున్నే, కారు తీయకముందు, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే చేయండి.

పాల లెక్కలా రాసుకోండి: రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ డబ్బాకి కింద ఒకటి, పైన ఒకటి గీతలుంటాయి. నీళ్లు ఎక్కడున్నాయో, కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తేదీ వేసి పుస్తకంలో రాయండి. రేడియేటర్ మూత తీసి లోపల కూడా చూడండి. డబ్బా నిండుగా ఉన్నా రేడియేటర్ వెలితిగా ఉండవచ్చు. కొత్తగా నీళ్లు మార్చాక లోపలి గాలి బయటికొచ్చి ఒకసారి తగ్గడం మామూలే. మళ్లీ మళ్లీ తగ్గితేనే అనుమానించాలి.

కింద అట్టముక్క పరచండి: రాత్రి కారు కింద పాత అట్టపెట్టె విప్పి పరచండి. పొద్దున ఆకుపచ్చ, ఎరుపు, గులాబీ రంగు మరకలుండి తియ్యటి వాసన వస్తే కూలెంట్ కారుతోందని గుర్తు. నల్లగా, జిడ్డుగా ఉంటే ఆయిల్. ఏసీ వేసుకుని వచ్చాక పడే రంగులేని మంచినీళ్ల చుక్కలకి కంగారు పడక్కర్లేదు.

గొట్టాలు చూడండి: ఉప్పునీళ్ల కుళాయికి తెల్లటి పొర కడుతుంది చూశారూ, రబ్బరు గొట్టాల అతుకుల దగ్గర అలాంటి పొర ఉందంటే అక్కడ లీకు ఉన్నట్టే. వేడెక్కినప్పుడు మాత్రమే కారి, వెంటనే ఆవిరైపోయే లీకులు ఇలాగే దొరుకుతాయి. గొట్టం బీటలు వారినా, మెత్తబడి ఉబ్బినా మార్పించండి. రేడియేటర్ మూత రబ్బరూ చూడండి. కుక్కర్ గాస్కెట్‌లాగే అదీ గట్టిపడి, పట్టు తప్పుతుంది. కొత్త మూతకి పెద్దగా ఖర్చవదు.

కారు లోపల: హీటర్ ఉన్న కార్లలో ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉన్నా, ముందు అద్దానికి లోపల జిడ్డు పొర పడుతున్నా హీటర్ లీకేమో చూపించండి.

బయటెక్కడా తడి లేకపోతే? అప్పుడు ఇంజన్ లోపలికే పోతున్నాయని అనుమానం. హెడ్ గాస్కెట్ పాడైతే ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి దట్టంగా తెల్లపొగ వస్తూనే ఉంటుంది. ఆయిల్ మూత అడుగున పాలు కలిపిన కాఫీ రంగు నురగ కడుతుంది. కానీ దగ్గర దూరాలే తిరిగే కార్లలో చెమ్మ వల్ల కూడా కాస్త నురగ రావచ్చు. కాబట్టి ఒక్క గుర్తుతోనే తేల్చేయకండి.

మెకానిక్‌ని అడగండి: "హెడ్డు విప్పే ముందు ప్రెషర్ టెస్ట్ చేశారా?" అనండి. రేడియేటర్‌కి చేతిపంపు బిగించి గాలి కొడతారు. ముల్లు పడిపోతే లీకు ఉన్నట్టే. ఇంజన్‌లోని పొగ రేడియేటర్‌లోకి వస్తోందేమో చూసే పరీక్ష ఇంకొకటుంది. పొగ తగిలితే నీలం మందు పసుపు రంగుకి మారుతుంది. ఈ రెండూ అయ్యాకే పెద్ద ఖర్చుకి ఒప్పుకోండి.

అలాగని నీళ్లు పోసుకుంటూ నెట్టుకురావడమూ తప్పే. నీళ్లు చాలక ఇంజన్ కాగిపోతే అల్యూమినియం హెడ్డు వంకరపోతుంది. చిన్న గొట్టంతో పోయేది ఇంజన్ విప్పేదాకా వస్తుంది. దారిలో వేడి ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే ఏసీ ఆపి, కారు పక్కకి తీసి ఇంజన్ ఆపేయండి. వేడి ఇంజన్‌లో చన్నీళ్లు పోయకండి. ఇంజన్ ఆగినా ఫ్యాను దానంతటదే తిరగవచ్చు. చేతులు, చీరకొంగు, చున్నీ జాగ్రత్త!

మరో మాట. కూలెంట్ తియ్యగా ఉంటుంది కానీ విషం. కూల్ డ్రింక్ సీసాల్లో పోసి ఉంచకండి. పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టండి. కిందపడితే కుక్కలూ పిల్లులూ నాకకముందే కడిగేయండి.

ఓ పది రోజులు లెక్క రాశాక ఆ పుస్తకం తీసుకునే షెడ్డుకి వెళ్లండి. ఎన్ని కిలోమీటర్లకి ఎంత తగ్గిందో, మరక ఎక్కడ పడిందో చెప్పగలిగితే మెకానిక్‌కీ వెతుకులాట తగ్గుతుంది, మీకూ అక్కర్లేని ఖర్చు తప్పుతుంది.