ఆశమ్మ చేతి కాగితం

ఊరి క్లినిక్‌లో డాక్టరు మారతారు, నర్సు మారతారు, బోర్డు మీది పేరూ మారుతుంది. నిలిచి ఉండేది రెండు వైపులా అచ్చయిన ఒక ప్రశ్నపత్రం, దానిని పట్టుకొని గడప గడపకూ తిరిగే ఊరి కోడలు.

ఊరి కుటుంబ వైద్యశాలలో పనిచేసేవారి గురించీ, వారి చుట్టూ అల్లుకున్న ఊరి జీవితం గురించీ ఈ వారం ముఖచిత్ర కథనం ఉండాలని సంపాదకవర్గం నిర్ణయించింది. అందుకోసం పోగైన మార్గదర్శకాలు, ఉత్తర్వులు, శిక్షణ పుస్తకాల కట్టలో, గడువు దగ్గరపడేకొద్దీ మిగిలినవన్నీ వెనక్కి జరిగి ఒకే ఒక్క కాగితం ముందుకు వచ్చింది. దాని పూర్తి పేరును తెలుగులో చెప్పుకోవాలంటే సమాజ ఆధారిత అంచనా పట్టిక అనవచ్చు. ఆరోగ్య సిబ్బంది మాత్రం ‘సీబ్యాక్ ఫారం’ అంటారు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరినీ ఇంటి దగ్గరే కలిసి ఆశా కార్యకర్త నింపవలసిన ఈ పట్టిక, రక్తపోటు, మధుమేహం, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అనే ఐదు జబ్బుల పరీక్షకు ఎవరిని ముందుగా క్లినిక్‌కు రప్పించాలో తేల్చడానికి తయారైంది. జబ్బును గుర్తించడం దాని పని కాదు, జబ్బు వచ్చే అవకాశం ఎవరికి ఎక్కువో అంచనా వేయడమే దాని పని.

మార్కుల లెక్క

పట్టిక మొదటి భాగం బడిలో మార్కులు వేసినట్టు సాగుతుంది. వయసుకు కొన్ని మార్కులు ఉంటాయి. పొగాకు ఎన్నడూ ముట్టనివారికి సున్నా, ఒకప్పుడు వాడినవారికీ అప్పుడప్పుడు వాడేవారికీ 1, రోజూ వాడేవారికి 2 పడతాయి. రోజూ మద్యం తాగితే 1. నడుము చుట్టుకొలత స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే 1, ఇంకో 10 సెంటీమీటర్లు దాటితే 2. వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ లేకపోతే 1. తల్లిదండ్రులకో తోబుట్టువులకో రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు ఉంటే ఏకంగా 2. మొత్తం 4 దాటినవారిని వారంవారం జరిగే పరీక్షల రోజున ముందు వరుసలో నిలబెట్టాలి. 4 దాటనివారినీ ఆ తరువాత వదలకుండా పరీక్షించవలసిందే. ఈ లెక్కన రోజూ చుట్ట కాల్చుతూ, తల్లికి మధుమేహం ఉండి, నడుము 85 సెంటీమీటర్లున్న స్త్రీకి వయసు మార్కులు కలపకముందే 5 వస్తాయి.

బడి మార్కులకూ వీటికీ తేడా ఏమిటంటే, ఇక్కడ అడిగేది ఉపాధ్యాయురాలు కాదు, పొరుగింటి మనిషి. ఆశా కార్యకర్త ఆ ఊరిలోనే కాపురముండే స్త్రీ అయి ఉండాలనీ, సాధ్యమైనంతవరకు ఊరి కోడలై ఉండాలనీ నియామకపు నిబంధనలే చెబుతాయి. కూతురైతే పెళ్లయి వెళ్లిపోతుంది, కోడలైతే నిలిచి ఉంటుందన్నది అందులోని ఆలోచన. ఆ ఏర్పాటు వల్ల వచ్చే చిక్కు నిబంధనల్లో కనిపించదు. వరుసకు బావగారయ్యే మనిషిని ‘రోజూ తాగుతారా’ అని కోడలు అడగవలసి వస్తుంది, మామ వరుసవాడి నడుముకు టేపు చుట్టవలసి వస్తుంది. మద్యం ప్రశ్నకు అవును, కాదు అన్న రెండే జవాబులుండగా, తాటిచెట్లున్న ఊళ్లలో కల్లును మందుగా లెక్కించాలా వద్దా అన్న మీమాంస ఆ రెండు గళ్లలో ఇమడదు. తెలియని ఉద్యోగి అడిగితే అబద్ధం చెప్పడం సులువు. తెలిసిన మనిషి అడిగితే అబద్ధం చెప్పడమూ కష్టమే, నిజం చెప్పడమూ కష్టమే. ఈ కాగితానికి ఉన్న బలమూ బలహీనతా రెండూ ఇక్కడినుంచే పుడతాయి.

ఏ కొస నోటిలో?

పొగాకు గడి దీనికి మంచి ఉదాహరణ. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా పెద్దవయసు స్త్రీలలో, చుట్ట నిప్పు కొసను నోటిలోపల పెట్టుకొని పీల్చే అలవాటు ఉంది. దానిని అడ్డపొగ అంటారు. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి కనుక అక్కడ తెల్లమచ్చలు, పుండ్లు, క్యాన్సర్ రావచ్చునని వైద్యులు చాలాకాలం కిందటే గమనించారు. ఆంధ్రప్రదేశ్‌లోని 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించిన ఒక అధ్యయనం 1971లోనే అచ్చయింది. దేశమంతటికీ ఒకే నమూనాగా తయారైన పట్టిక రోజూ కాల్చుతారా అని మాత్రమే అడుగుతుంది గాని ఏ కొస నోటిలో ఉంటుందో అడగదు, మామూలు చుట్టకూ అడ్డపొగకూ అవే 2 మార్కులు వేస్తుంది. అయితే రెండో భాగంలో నోటిలో మానని పుండు, నోరు తెరవడంలో ఇబ్బంది, గొంతు మారడం వంటి లక్షణాల జాబితా ఉంది. రెండు వారాలు దాటిన దగ్గు, కఫంలో రక్తం, మూర్ఛ, రొమ్ములో గడ్డ కూడా అందులోనే ఉన్నాయి. ఎవరి అత్తగారు అడ్డపొగ తాగుతారో ఊరి కోడలికి ముందే తెలుసు కనుక, మొదటి భాగం వదిలేసిన సంగతిని రెండో భాగంలో ఆమె పట్టుకోగలదు. అచ్చులో లేని ప్రశ్నను అడగగలిగే మనిషి చేతిలో ఉన్నంతకాలమే ఆ అచ్చుకు విలువ.

శారీరక శ్రమ ప్రశ్న పరిస్థితీ అంతే. వరినాట్ల రోజుల్లో తెల్లవారినప్పటినుంచి వంగిన నడుము ఎత్తని కూలీ స్త్రీ ఆ 150 నిమిషాలను ఒక్క పూటలోనే దాటేస్తుంది, నాట్లు అయిపోయాక పనే దొరకని వారాల్లో ఆమె జవాబు మారుతుంది. వంట దేనితో చేస్తారన్న ప్రశ్న, ఊపిరితిత్తుల జబ్బు కోసం అడిగేది, కట్టెలు, పిడకలు, పంట చెత్త, బొగ్గు, కిరోసిన్, గ్యాస్ అంటూ సాగుతుంది. అన్నం గ్యాస్ మీదా, స్నానానికి నీళ్లు కట్టెల పొయ్యి మీదా కాగే ఇంటికి ఏ గడిలో గుర్తు పెట్టాలన్నది ఆశా కార్యకర్త వివేకం మీద ఆధారపడి ఉంటుంది.

చివరి భాగం అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా బరువైనది. గడిచిన రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా ఉందా అన్న రెండు ప్రశ్నలకు 0 నుంచి 3 వరకు మార్కులు వేసి, మొత్తం 3 దాటితే క్లినిక్‌కు పంపాలి. దిగులును ‘దిగులు’ అని చెప్పుకోవడం పల్లెలో తక్కువ. ఒళ్లు నొప్పులు, నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం అనే పేర్లతో అది బయటికి వస్తుంది. ఇంట్లో నలుగురూ వింటుండగా ఆ ఇంటి కోడలిని ఈ ప్రశ్న అడిగితే వచ్చే సున్నాకూ, బోరింగు దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు అడిగితే వచ్చే అంకెకూ మధ్య దూరం ఎంతో ఆ కాగితం చూపలేదు.

చరిత్ర క్లుప్తంగా

పల్లెకు వైద్యం ప్రభుత్వ బాధ్యతేనన్న ఆలోచనకు 1946లో భోర్ కమిటీ రూపమిచ్చింది. 1950లలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, వాటి కింద ఉపకేంద్రాలు వచ్చాయి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆశా కార్యకర్తను తెచ్చింది. 2018 ఏప్రిల్ 14న ఛత్తీస్‌గఢ్‌లోని జాంగ్లాలో తొలి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ తెరుచుకోగా, 2023 చివరలో వాటి పేరు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌గా మారింది. తెలంగాణలో పల్లె దవాఖానాలు, ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లు ఈ వరుసలోనివే. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టరే ఊరికి వచ్చే ఫ్యామిలీ డాక్టర్ విధానం 2022 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలై, 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో లాంఛనంగా ఆరంభమైంది. పాతతరం వారికి మాత్రం ఊరి క్లినిక్ ఇప్పటికీ ‘సబ్‌సెంటరే’.

క్లినిక్‌లో ఎవరెవరు?

*సీహెచ్‌ఓ:* నర్సింగ్ చదివి, సామాజిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన అధికారి. ఆంధ్రప్రదేశ్‌లో ఎంఎల్‌హెచ్‌పీ అన్న పేరు ఎక్కువగా వినిపిస్తుంది. రక్తపోటు చూడడం, చక్కెర పరీక్ష, బిళ్లలు ఇవ్వడం, టెలీమెడిసిన్ ద్వారా వైద్యుడి సలహా ఇప్పించడం ఈమె పనులు.
*ఏఎన్ఎం:* గర్భిణులు, టీకాలు, పసిబిడ్డల బరువు ఈమె బాధ్యత. ఊరివాళ్లకు నర్సమ్మ.
*ఆశా:* సగటున వెయ్యి మంది జనాభాకు ఒకరు.
*డాక్టరు:* ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైనప్పటి ఏర్పాటు ప్రకారం నెలకు రెండుసార్లు 104 వాహనంతో వచ్చి, ఉదయం ఓపీ చూసి, మధ్యాహ్నం మంచం పట్టినవారి ఇళ్లకు వెళ్లాలి.

సిబ్బంది కబుర్లు

2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశా కార్యకర్తలందరినీ గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారంతో గౌరవించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వారి గౌరవ వేతనం నెలకు 10,000 రూపాయలకు పెరిగింది. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం వారికి గ్రాట్యుటీ, తొలి రెండు కాన్పులకు 180 రోజుల వేతన సెలవు, 62 ఏళ్లకు పెంచిన పదవీ విరమణ వయసు ప్రకటించింది. అయినా అధికారిక నిర్వచనంలో ఆశా నేటికీ ఉద్యోగి కాదు, స్వచ్ఛంద కార్యకర్త.

లెక్క, మనిషి

సంఖ్యలను కొలమానంగా పెట్టుకున్న ఏ పథకంలోనైనా కొలవడమే పనిగా మారే ప్రమాదం ఉంటుంది. కేంద్రం నిర్ణయించిన పారితోషికాల పట్టికలో నింపిన ఒక్కో సీబ్యాక్ ఫారానికి 10 రూపాయలు. పది రూపాయల కాగితం గడపలో నిలబడి రెండు నిమిషాల్లోనూ నిండుతుంది, అరుగు మీద కూర్చొని అరగంటలోనూ నిండుతుంది. పై అధికారి కంప్యూటర్ తెర మీద రెండూ ఒకటే. నిండిన ఫారాల సంఖ్యను చూసి ఊరి ఆరోగ్యం తెలిసిపోయిందని భావించే ధోరణిని అనుమానంతోనే చూడవలసి ఉంటుంది. మరోవైపు, కాంట్రాక్టు సీహెచ్‌ఓ బదిలీ అయినా, డాక్టరు పై చదువుకు వెళ్లినా, కొత్తగా వచ్చినవారికి ఊరిని పరిచయం చేసేది ఆ ఫారాలూ, వాటిని నింపిన మనిషీ మాత్రమే. అందుకే పల్లె క్లినిక్‌లో సిబ్బంది వార్త అంటే ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు అన్నదానికన్నా, ఎవరు ఉండిపోయారు అన్నదే ముఖ్యమవుతుంది.

పట్టికలో వివరాలు చెప్పే వ్యక్తి పేరు రాసే గడి ఒకటీ, ఆశా పేరు రాసే గడి ఒకటీ ఉంటాయి. 30 దాటిన ప్రతి ఒక్కరికీ ఈ ఫారం వర్తిస్తుంది కనుక, ఏళ్ల తరబడి ఊరంతటి నడుములు కొలిచిన ఆశా కార్యకర్తకూ అది వర్తిస్తుంది. తన వంటింటి పొయ్యి గురించీ, తన రెండు వారాల దిగులు గురించీ ఆమె తననే అడిగి రాసుకోవలసిన ఆ ఒక్క కాగితంలో రెండు గళ్లలోనూ ఒకే పేరు ఉంటుంది.